వ్యాయామానికి ఒళ్లు ఎలా అలవాటు పడుతుంది: అపోహలు - వాస్తవాలు

కొత్తగా వ్యాయామం మొదలుపెట్టిన మర్నాడు మెట్లు ఎక్కడం కంటే దిగడమే కష్టం. రెయిలింగ్ పట్టుకుని, పక్కకు తిరిగి ఒక్కో మెట్టూ దిగుతారు. ఫిజియోథెరపిస్టుగా నేను ఎక్కువగా వినే మాట అప్పుడే వస్తుంది.

అపోహ: కష్టపడిన కండరాల్లో తయారయ్యే లాక్టిక్ యాసిడ్ పేరుకుపోయి నొప్పి.

వాస్తవం: రక్తంలో పెరిగిన లాక్టేట్ (లాక్టిక్ యాసిడ్ ఒంట్లో ఉండే రూపం) గంట, గంటన్నరలో మామూలు స్థాయికి వచ్చేస్తుంది, పైగా గుండె, కండరాలు దాన్నే ఇంధనంగా వాడుకుంటాయి. 24 నుంచి 72 గంటల మధ్య బాగా ముదిరే ఈ నొప్పికి కారణం వేరు. కండరం సాగుతూ బరువు మోసినప్పుడు, అంటే మెట్లు దిగేటప్పుడో డంబెల్ నెమ్మదిగా కిందికి దించేటప్పుడో, దాని పోగులకు చిన్న చిన్న దెబ్బలు తగులుతాయి. అదే పని వారం తర్వాత చేస్తే ఇంత నొప్పి ఉండదు, ఎందుకంటే ఈలోగా ఒళ్లు సర్దుకుంటుంది. అందుకే "నొప్పి రాలేదు, వ్యాయామం వృథా" అని దయచేసి అనుకోకండి.

అపోహ: బలం పెరిగితే కండ పెరిగినట్టే.

వాస్తవం: మొదటి కొన్ని వారాల్లో వచ్చే బలం చాలావరకు నరాలది. ఉన్న కండనే మెదడు ఇంకా బాగా పనిలోకి దింపుతుంది. కండ కంటికి కనిపించేది ఆ తర్వాతే. కండను ఎముకకు కట్టి ఉంచే టెండన్ ఇంకా నెమ్మది, దానికి నెలలు కావాలి. మూడో వారంలో ఊపు వచ్చి, పరుగు ఒక్కసారిగా రెట్టింపు చేసి, మడమ నొప్పితో వచ్చేవాళ్లను చూస్తే నాకు నిజంగా బాధేస్తుంది, ఇంకొన్నాళ్లు ఆగి ఉంటే సరిపోయేది.

అపోహ: చెమట ఎంత పడితే కొవ్వు అంత కరిగినట్టు.

వాస్తవం: చెమట ఒంటిని చల్లబరచడానికే. తగ్గిన బరువు నీళ్లు తాగగానే తిరిగొస్తుంది.

అపోహ: ఈ వయసులో ఇంకేం బలం వస్తుంది?

వాస్తవం: 1990లో అమెరికాలో 86 నుంచి 96 ఏళ్ల మధ్య వయసున్న 10 మందితో 8 వారాలు కాళ్లకు బరువుల వ్యాయామం చేయించారు. చివరిదాకా చేసిన 9 మందిలో తొడ కండరాల బలం సగటున 174 శాతం పెరిగింది. ఇద్దరికి చేతికర్ర అవసరం లేకుండా పోయింది. అందుకే "నా వల్ల కాదమ్మా" అనే పెద్దవాళ్లతో నేను కుర్చీతోనే మొదలుపెడతాను: పాదాలు నేలకు ఆన్చి, చేతుల ఊతం వీలైనంత తగ్గించి లేవాలి, మళ్లీ కూర్చునేటప్పుడు కూలబడిపోకుండా మెల్లగా కూర్చోవాలి. ముందు ఐదుసార్లు చాలు.