రోహిణి కార్తెలో పూలతోట

రోహిణి కార్తె ఎండలకు రోళ్ళు పగులుతాయని సామెత. మే 25 ప్రాంతంలో మొదలయ్యే ఆ రెండు వారాల్లో పూలతోట పరిస్థితి ముందుగా ఆకు రంగులో తెలుస్తుంది. బంతి, గులాబీ, జెర్బెరా ఆకులు పాలిపోతాయి. దగ్గరగా చూస్తే సూదిమొనతో పొడిచినట్టు తెల్లటి చుక్కలు వందలకొద్దీ కనిపిస్తాయి. మరికొన్ని రోజులకు ఆకు కంచురంగుకు తిరిగి రాలిపోతుంది. అది ఎండదెబ్బ అనుకుని ఊరుకునేవారు కొందరు. ఏదో పురుగు పట్టిందని దుకాణంలో దొరికిన మందు తెచ్చి కొట్టేవారు మరికొందరు. మొదటివారి మాటలో సగం నిజం ఉంది. రెండోవారు తెలియకుండానే శత్రువుకు మేలు చేస్తున్నారు.

ఆ ఆకు కింద ఒక తెల్లకాగితం పట్టి వేలితో గట్టిగా తట్టండి. కాగితం మీద రాలిన దుమ్ములో కొన్ని నలుసులు నడవడం మొదలుపెడతాయి. అవే ఎర్రనల్లి. పూర్తిగా ఎదిగినది కూడా అర మిల్లీమీటరుకు మించదు. దీనికి ఎనిమిది కాళ్ళు, కాబట్టి ఇది కీటకం కాదు. సాలీడుకూ తేలుకూ చుట్టం. సాలీడులాగే దారం తీసి ఆకు అడుగున సన్నటి గూడు అల్లుతుంది. ఆకు కణాల్లోకి ముల్లు దించి లోపలి పచ్చటి సారాన్ని పీల్చేస్తుంది. మనకు కనిపించే తెల్లచుక్కలు అలా ఖాళీ అయిన కణాలే.

ఈ నల్లి జాతుల్లో అన్నిటికన్నా పేరుమోసింది రెండుచుక్కల నల్లి, శాస్త్రీయ నామం టెట్రానికస్ అర్టికే. 1,100కు పైగా మొక్కజాతుల మీద బతకగలదు. 30 డిగ్రీల వేడిలో గుడ్డు నుంచి పెద్దదయ్యేందుకు దీనికి దాదాపు ఒక వారం చాలు. ఒక్కో ఆడ నల్లి బతుకంతా కలిపి వంద దాకా గుడ్లు పెడుతుంది. మగ తోడు లేకపోయినా గుడ్లు పెట్టడం ఆగదు. ఫలదీకరణ జరగని ఆ గుడ్ల నుంచి మగవే పుడతాయి, తర్వాత వాటితోనే జతకట్టి ఆడ సంతానాన్ని కంటుంది. అంటే గాలికి కొట్టుకొచ్చిన ఒక్క నల్లి చాలు, తోటంతా నిండడానికి. 2011లో దీని జన్యుపటాన్ని పూర్తిగా చదివారు. విషాలను విరిచేసే జన్యువులు అందులో విస్తారంగా ఉన్నాయి. అంతకన్నా విచిత్రం, రంగునిచ్చే కెరోటినాయిడ్లను తయారుచేసుకునే జన్యువులు కూడా దొరికాయి. జంతువులు సాధారణంగా వాటిని తిండి ద్వారానే పొందుతాయి. ఎప్పుడో పూర్వకాలంలో శిలీంధ్రాల నుంచి ఆ జన్యువులు నల్లి వంశంలోకి చేరాయి. ఎరుపు దాని సొంత సొత్తు కాదన్నమాట.

ఇది వేసవిలోనే ఎందుకు విజృంభిస్తుంది? వేడి ఒక్కటే కారణమైతే మనం చేయగలిగింది ఏమీ ఉండేది కాదు. నల్లి తాగే రసంలో దానికి అక్కరలేని నీరు చాలా ఉంటుంది. పొడిగాలిలో ఆ నీరు ఒంటి మీద నుంచి తేలికగా ఆవిరైపోతుంది కనుక మరింత తాగగలదు, మరిన్ని గుడ్లు పెట్టగలదు. ఇటు నీరు చాలని మొక్కలో రసం చిక్కబడి చక్కెరలు, అమైనో ఆమ్లాలు పెరుగుతాయి, నల్లికి మేత మరింత పుష్టిగా దొరుకుతుంది. మూడోది దుమ్ము. నల్లిని వేటాడే పురుగులకు దుమ్ముపట్టిన ఆకు మీద తిరగడం కష్టం. మట్టి రోడ్డు పక్కనున్న వరుసలకే నల్లి ముందుగా తగలడం రైతులు గమనించే విషయమే.

ఈ మూడింటికీ విరుగుడు నీళ్ళే. సేంద్రియ సస్యరక్షణ అనగానే మన ఆలోచన కషాయాల మీదికి పోతుంది. నా ఉద్దేశంలో మే నెలలో కషాయం రెండో మెట్టు, గొట్టం చేతపట్టడం మొదటి మెట్టు. ఉదయాన్నే పాదు లోతుగా తడిసేలా నీరు పెట్టి, అదే గొట్టంతో ఆకుల అడుగుభాగాన్ని కాస్త ఒత్తిడితో కడగాలి. దుమ్ము పోతుంది, గూళ్ళు చిరుగుతాయి, కిందపడిన నల్లుల్లో చాలావాటికి మళ్ళీ పైకెక్కే సత్తువ ఉండదు. వారానికి రెండుమూడు సార్లు ఇలా చేస్తే చాలు. ఆకు తడిస్తే తెగులు వస్తుందన్న భయం ఈ నెలలో అక్కరలేదు, అరగంటలో ఆరిపోతుంది. అదే పని సాయంత్రం చీకటిపడ్డాక చేస్తే, లేదా జూలై ముసుర్లో చేస్తే గులాబీకి నల్లమచ్చ తెగులును పిలిచి పెట్టినట్టే.

నీళ్ళు పెట్టడంలోనూ ఒక కిటుకుంది. రోజూ పైపైన చల్లే నీరు వేళ్ళను పైకి రప్పిస్తుంది, పైమట్టే అన్నిటికన్నా ఎక్కువ కాగేది. రెండు రోజులకొకసారి అయినా లోతుగా పెట్టిన నీరు నేలలో నాటిన మొక్కకు మేలు. మిద్దెతోట కుండీల సంగతి వేరు. వాటికి రోజూ తప్పదు, నల్ల ప్లాస్టిక్ కుండీలైతే పడమటి ఎండ నేరుగా తగలకుండా ఒకదానికొకటి ఆనించి పెట్టాలి. పాదు మీద మూడు అంగుళాల మందాన ఎండుటాకులో వరిగడ్డో కొబ్బరిపీచో పరిస్తే మట్టి వేడి తగ్గుతుంది, తేమ నిలుస్తుంది. కాండానికి మాత్రం తగలనీయకూడదు. బోరునీటిలో లవణాలెక్కువైన చోట కుండీ అంచులకు తెల్లటి పొర పడుతుంది, అప్పుడు ఒకసారి అడుగురంధ్రం నుంచి ధారగా కారేంత నీరు పోసి కడిగేయాలి. జెర్బెరాకు, కుండీ గులాబీకి 50 శాతం నీడవల బాగా పనికొస్తుంది. బంతికీ పొద్దుతిరుగుడుకూ కడితే పూలే తగ్గుతాయి.

ఇక మందుల సంగతి. రెండో ప్రపంచ యుద్ధం తర్వాత పండ్లతోటల్లో డీడీటీ వాడకం పెరిగాకే నల్లులు పెద్ద చీడగా మారాయి. డీడీటీ వాటిని తినే పురుగులను చంపింది, వాటిని మాత్రం పెద్దగా కదిలించలేదు. ఇటీవలి ఉదాహరణ న్యూయార్క్ సెంట్రల్ పార్కుది. అక్కడ ఆసియా నుంచి వచ్చిన ఒక కాండం తొలిచే పెంకుపురుగు నుంచి కాపాడడానికి ఎల్మ్ చెట్లకు ఇమిడాక్లోప్రిడ్ అనే పురుగుమందు ఇచ్చారు. తర్వాత ఆ చెట్ల మీద నల్లులు విపరీతంగా పెరిగాయి. 2011లో వెలువడిన పరిశోధన రెండు కారణాలు చూపింది: మందు తగిలిన ఎరను తిన్న మిత్రపురుగులు దెబ్బతిన్నాయి, మందు ఎక్కిన ఆకులు తిన్న నల్లులు మామూలుకన్నా ఎక్కువ గుడ్లు పెట్టాయి. మన పురుగుమందుల దుకాణాల్లో పూలమొక్కలకు ఏదైనా ఇవ్వమంటే తరచుగా చేతికొచ్చే మందు కూడా ఇదే.

మన తోటల్లో నల్లిని తినే ఆ కాపలాదార్లు ఎవరు? గుండుసూది తలంత నల్లటి అక్షింతల పురుగు ఒకటుంది, స్టెథోరస్ దాని పేరు. దాని తిండి దాదాపు నల్లులే. నల్లిని తినే నల్లులూ ఉన్నాయి. ప్రపంచమంతా మొక్కలు పెంచే గాజు ఇళ్ళలో వాడే పర్సిమిలిస్ అనే వేటనల్లి 1958లో చిలీ నుంచి ఆర్కిడ్ మొక్కలతో పాటు పొరపాటున జర్మనీకి చేరింది. అక్కడే దాని ఆకలి ఎంతటిదో శాస్త్రవేత్తలు గుర్తించారు. కానీ గాలిలో తేమ 60 శాతం కన్నా తగ్గితే దాని గుడ్లు చాలావరకు ఎండిపోతాయి. మన మే నెల మధ్యాహ్నాలు దానికి సరిపడవు. మన దేశంలో సహజంగా ఉండే లాంగిస్పైనోసస్ అనే వేటనల్లిని బతకనివ్వడమే మేలు. దానికోసం విడిగా చేయవలసిన పని కూడా లేదు, విషం కొట్టకుండా తోటలో కాస్త తేమ నిలిపితే చాలు.

రెండో శత్రువు తామర పురుగు. గులాబీ రేకుల అంచులు గోధుమరంగుకు మాడినట్టు ఉండి, మొగ్గ సరిగా విచ్చుకోకపోతే దాని పనే. 2021లో ఆంధ్రప్రదేశ్, తెలంగాణ మిరప రైతులను ముంచేసిన నల్లతామర పురుగు ఈ కుటుంబానిదే. అది పూలలోనే గుంపులుగా చేరి పూతను రాల్చేసింది. పుప్పొడి వీటికి ఇష్టమైన తిండి. అందుకే పూర్తిగా విచ్చుకుని మొక్క మీదే వడలిపోయిన ప్రతి పువ్వూ వాటికొక సత్రం. ఇక్కడ కాడతో కోసి అమ్మే పూల రైతుకు ఒక సహజమైన సౌలభ్యం ఉంది. గులాబీని మొగ్గ విచ్చీ విచ్చని దశలో, లిల్లీని కాడ అడుగున ఒకటి రెండు పూలు విచ్చగానే కోస్తారు. అంటే కోతే సస్యరక్షణ అవుతుంది. ఇంటితోటలో మాత్రం చూసుకుని మురిసిపోవడానికి పూలను అలాగే వదిలేస్తాం. అందంగా ఉన్నన్నాళ్ళు ఉంచుకోండి, రేకు వాడగానే తుంచి తోట బయట పారేయండి.

వాడిన పువ్వు తుంచడంలో ఇంకో లాభముంది. గింజ కట్టడం మొదలైతే మొక్క చక్కెరను అటే పంపుతుంది, కొత్త మొగ్గలకు మిగిలేది తక్కువ. కొమ్మ చివర ఉత్పత్తయ్యే ఆక్సిన్ అనే హార్మోను కింది మొగ్గలను నిద్రపుచ్చుతుందని 1930లలోనే తేలింది. చివర తెంచితే ఆ కట్టు వీడుతుంది. బంతి, జినియాలకు వేసవిలో ఇదే ముఖ్యమైన సేవ. గులాబీకి మాత్రం మే నెలలో గట్టి కత్తిరింపు పనికిరాదు, ఆకు నీడ లేని కాండం ఎండకు కాలిపోతుంది. ఆ పని వానలు వెళ్ళాక అక్టోబరులో. బలానికని వేరుశనగ చెక్క నానబెట్టిన నీళ్ళు ఈ నెలలో పదేపదే పోయడం కూడా మంచిది కాదు. సేంద్రియమైనా నత్రజని నత్రజనే. అది తెచ్చే లేత చిగురు నల్లికీ తామర పురుగుకూ విందు.

మల్లెకు వేరే బెడద ఉంది. తెల్లగా ఉండాల్సిన మొగ్గ ఊదారంగుకు తిరిగి ఎండిపోతే, దాని మొదట్లో మొగ్గ ఈగ పిల్లపురుగులు ఉన్నట్టు. అవి ఎదిగాక మట్టిలోకి దిగి, ఈగగా మారే కోశస్థ దశ గడుపుతాయి. మొగ్గ లోపల దాక్కున్న పురుగు మీద ఏ కషాయమూ పడదు. రంగు మారిన మొగ్గలను ఏరి సబ్బునీళ్ళలో వేయడం, పొద కింది మట్టిని తిరగగొట్టి నాలుగు రోజులు ఎండబెట్టడం, ఆ తర్వాతే గడ్డి పరచడం తప్ప దగ్గరి దారి లేదు.

ఇవన్నీ చేశాక కూడా నల్లి తగ్గకపోతే అప్పుడు వేప. 1959లో సూడాన్‌లో మిడతల దండు దాడి చేసినప్పుడు వేపచెట్లు మాత్రం పచ్చగా మిగలడం జర్మన్ శాస్త్రవేత్త హైన్రిక్ ష్ముటరర్ గమనించాడు. మన పెద్దలు వడ్ల బస్తాల్లోనూ బట్టల పెట్టెల్లోనూ వేపాకు వేయడం అంతకు చాలా ముందే ఉంది, అది వేరే సంగతి. గింజలోని అజాడిరాక్టిన్ పురుగు తిండి మాన్పిస్తుంది, కుబుసం విడిచే హార్మోన్లను తికమక పెడుతుంది. ఆ అణువు ఎంత చిక్కుముడి అంటే, కేంబ్రిడ్జిలో స్టీవెన్ లే బృందం దాన్ని ప్రయోగశాలలో నిర్మించడానికి 22 ఏళ్ళు పట్టింది, 2007లో పూర్తయింది. ఇంత కష్టపడి కట్టిన దాన్ని సూర్యకాంతి తేలికగా విరిచేస్తుంది. కాబట్టి ఉదయం కొట్టిన వేప మందు మధ్యాహ్నానికే బలహీనపడుతుంది. సాయంత్రం ఎండ దిగాకే కొట్టాలి, తేనెటీగలకూ అదే క్షేమం. లీటరు నీటికి 50 గ్రాముల గింజల పొడి గుడ్డలో కట్టి రాత్రంతా నానబెట్టి వడగడితే 5 శాతం కషాయం సిద్ధం. నల్లి మీద వేపనూనె ఇంకా బాగా పనిచేస్తుంది, ఎందుకంటే నూనె పొర ఊపిరి ఆడనీయదు. లీటరుకు 5 మిల్లీలీటర్లు, కలవడానికి కాస్త సబ్బు. ముందు ఒక కొమ్మ మీద కొట్టి రెండు రోజులు చూడాలి. దప్పికతో ఉన్న మొక్కకు నూనె తగిలితే ఆకు మాడుతుంది. నూనె మరక రేకుల మీద కనిపిస్తుంది కనుక, కోయాల్సిన పూలు కోసేశాకే పిచికారీ.

సబ్బు గురించి ఒక మాట. బట్టల పొడి సబ్బు కాదు, అది ఆకు మీది మైనపు పొరను ఒలిచేస్తుంది. అసలు సబ్బు కూడా గరుకునీటిలో విరిగి తెట్టు కడుతుంది, పురుగుకు తగిలేది ఏమీ మిగలదు. బోరునీరు అలాంటిదైతే తాగేనీటితోనే కలపాలి. గంధకం పొడి నల్లికి పాత మందే, కానీ 32 డిగ్రీలు దాటితే ఆకును కాలుస్తుంది. అంటే మార్చి నుంచి జూన్ దాకా దాని జోలికి పోవద్దు. పొగాకు కషాయం సహజమైనదే కదా అనేవాళ్ళున్నారు. నికోటిన్ మనిషికీ విషమే, చర్మం గుండా కూడా ఒంట్లోకి పోతుంది. దాన్ని సేంద్రియం పేరుతో ఇంట్లో కాయడం నాకు బొత్తిగా నచ్చని పని.

మృగశిర కార్తెతో తొలకరి పడితే నల్లి చాలావరకు దానంతటదే తగ్గుతుంది. అప్పుడు ఆకులు కడగడం మానేసి, పాదుల మీది గడ్డి పలచబరచాలి, లేకపోతే నత్తలు చేరతాయి, కాండం కుళ్ళుతుంది. వేపకాయలు పండి రాలేదీ ఆ రోజుల్లోనే. గుజ్జు కడిగేసి నీడన ఆరబెట్టిన గింజలను గోనెసంచిలో దాచాలి. ప్లాస్టిక్ సంచిలో అయితే బూజు పడుతుంది. ఏడాది దాటిన గింజకు బలం తగ్గుతుంది కనుక, మళ్ళీ కొత్త కాయలు రాలేదాకా సరిపడా ఏరుకుంటే చాలు.