‘డోంట్’ ఒక మాటా, రెండా?

వ్యతిరేకార్థం కలిసిపోయిన మాటను కోయాలా, అలాగే ఉంచాలా? ఘానా, టోగోల్లో మాట్లాడే కొంకొంబా భాషకు వ్యాకరణం రాసేవారైనా, కంప్యూటరు కోసం తెలుగు క్రియలకు వ్యాకరణ గుర్తులు పెట్టేవారైనా ఈ ప్రశ్న దగ్గర ఆగక తప్పదు. కోయమనేవారు ఇంగ్లీషును చూపిస్తారు. ఆ ఉదాహరణలో పస లేదని 1983లోనే తేలింది.

అంతకు ముందు ‘డోంట్’ చివరి ‘న్ట్’ అంటే ‘నాట్’కు పొట్టి రూపమేనని, పక్క మాటకు అతుక్కునే ముక్క అని అనుకునేవారు. ఆ ఏడాది ‘లాంగ్వేజ్’ పత్రికలో భాషావేత్తలు ఆర్నల్డ్ జ్వికీ, జెఫ్రీ పులం ఆరు పరీక్షలు పెట్టి, అది క్రియలో భాగమై దాని రూపాన్ని మార్చే ప్రత్యయమని తేల్చారు. ‘ఈజ్’ పొట్టి రూపం నామవాచకం, ప్రిపొజిషన్, క్రియ, దేని పక్కనైనా అతుక్కుంటుంది. ‘న్ట్’ మాత్రం సహాయక క్రియనే పట్టుకుంటుంది, అదీ అన్నిటినీ కాదు: ప్రామాణిక ఇంగ్లీషులో ‘యామ్’కు ఆ రూపం లేదు. ‘విల్’ ‘వోంట్’ అవుతుంది, ‘షల్’ ‘షాంట్’ అవుతుంది. ఏ ధ్వని సూత్రమూ వీటిని పుట్టించదు. అన్నిటికన్నా గట్టి సాక్ష్యం ప్రశ్నలో ఉంది. ‘కాంట్ యూ గో?’ అనవచ్చు, ‘కెన్ నాట్ యూ గో?’ అనకూడదు. స్థానం మారేటప్పుడు మాట మొత్తంగా కదిలింది.

ఇంత తేలాక కూడా 1990లలో వచ్చిన పెన్ ట్రీబ్యాంకు (వ్యాకరణ గుర్తులు పెట్టిన ఇంగ్లీషు వాక్యాల భాండారం) ‘వోంట్’ను ‘వో’, ‘న్ట్’గా, ‘కాంట్’ను ‘కా’, ‘న్ట్’గా కోసింది. ‘నాట్’ ఉన్న వాక్యాలతో విశ్లేషణ ఒకేలా ఉంటుందన్నది కోతకు అనుకూలంగా చెప్పే మాట. నిజమే, కానీ ‘వో’ ఏ నిఘంటువులోనూ ‘విల్’ కాదు, ఆ జతను చేత్తో రాసుకోవాలి. అపాస్ట్రఫీ దగ్గర కోసే కంప్యూటర్ పనిముట్లయితే మరీ ప్రమాదం: ‘డోంట్ లైక్’ను ‘డాన్’, ‘టి’, ‘లైక్’ చేస్తాయి. మొదటి రెండూ, కంప్యూటరు లెక్కలోంచి తీసేసే పనికిరాని మాటల జాబితాలో పడి పోతే మిగిలేది ‘లైక్’. అయిష్టం ఇష్టమైపోతుంది.

ముక్కలు చేయకుండా, క్రియ మీదే ‘వ్యతిరేకం’ అన్న లక్షణం గుర్తు పెడితే ఈ నష్టం ఉండదు. కోయదగిన చోటు ఎక్కడో తెలియాలంటే మధ్యలో ఏదైనా దూర్చి చూడాలి. తెలుగులో ‘చేయలేదు’ మధ్యలో ‘ఏ’ పడుతుంది: ‘చేయనే లేదు’. అక్కడ కోయవచ్చు. ‘చేయను’లో అది పట్టదు, క్రియనే మళ్లీ తేవాలి: ‘చేయనే చేయను’.