యూనివర్సిటీ పక్కనే, ఇంటర్ మాత్రం దూరం

చదువుల విషయంలో తిరుపతి అదృష్టవంతురాలే. దేవస్థానం సొమ్ముతో 1945లో ఎస్వీ ఆర్ట్స్ కాలేజీ, 1952లో ఆడపిల్లలకు పద్మావతి కాలేజీ వచ్చాయి. 1954లో ఎస్వీ యూనివర్సిటీ, 1983లో మహిళా విశ్వవిద్యాలయం, 2015లో ఐఐటీ, సైన్స్ చదువులకు ఐసర్. ఇన్ని ఉన్నా, సత్యవేడు పక్క పల్లెలోనో పలమనేరు పక్క పల్లెలోనో పుట్టిన పిల్ల ఆ గేటు దాకా వస్తుందా రాదా అన్నది చాలావరకు పదో తరగతి అయిపోయిన వేసవిలోనే తేలిపోతుంది.

దీని మూలం పాతది. పీయూసీ (ప్రీ యూనివర్సిటీ కోర్సు) పోయి 1969లో రెండేళ్ల ఇంటర్మీడియట్ వచ్చింది, 1971లో దానికో బోర్డు ఏర్పడింది. ఇంటర్ అటు బడికీ చెందలేదు, ఇటు డిగ్రీకీ చెందలేదు. హైస్కూలు ఊళ్లోనో పక్క ఊళ్లోనో ఉంటే, జూనియర్ కాలేజీ టౌన్లో ఉండేది. బస్సు ఛార్జీ, హాస్టల్, ఆడపిల్లయితే ఇంట్లో వాళ్ల భయం, అన్నీ పదహారేళ్లకే ఎదురయ్యాయి. పైగా గ్రూపు ఎంచుకోవాలి. సీఈసీలో (కామర్స్, ఎకనామిక్స్, సివిక్స్) చేరితే ఇంజనీరింగ్ దారి మూసుకుపోయినట్టే. ఆ సంగతి చెప్పేవాళ్లు లేని ఇళ్లే ఎక్కువ.

1986లో ఇంజనీరింగ్, మెడిసిన్ సీట్లకు ప్రవేశ పరీక్షగా ఎంసెట్ వచ్చాక ఇంటర్ అంటే కోచింగ్ అయింది. డబ్బున్నవాళ్లు పిల్లల్ని కార్పొరేట్ రెసిడెన్షియల్ కాలేజీల్లో వేశారు.   తెలుగు మీడియంలో పది పాసైన పిల్లలు ఎంపీసీలో (మ్యాథ్స్, ఫిజిక్స్, కెమిస్ట్రీ) చేరి, ఒక్కసారిగా ఇంగ్లీషు పాఠాల ముందు బిక్కమొహం వేశారు. 2008లో సక్సెస్ స్కూళ్ల పేరుతో ప్రభుత్వ హైస్కూళ్లలో ఇంగ్లీషు మీడియం సెక్షన్లు పెట్టారు. 2019లో అన్ని ప్రభుత్వ బడులకూ ఇంగ్లీషు మీడియమే అన్న ఉత్తర్వులను 2020 ఏప్రిల్‌లో హైకోర్టు కొట్టేసింది.

ప్రభుత్వమే ఫీజు కట్టే ఫీజు రీయింబర్స్‌మెంట్ వచ్చాక బీటెక్ ఖర్చు భయం తగ్గింది, నిజమే. కానీ ఆ సాయం ప్రధానంగా ఇంటర్ దాటినవాళ్లకు. దాటలేనివాళ్లకు అది పనికొచ్చేది కాదు. నా దృష్టిలో ఇంతకన్నా తెలివైన పని 2008లోనే మొదలైన ఆర్జీయూకేటీ ట్రిపుల్ ఐటీలు. పదో తరగతి మార్కులతోనే సీటు, ఆరేళ్ల చదువు, ప్రభుత్వ బడి పిల్లలకు కొంత అదనపు వెయిటేజీ. ఇక్కడి పిల్లలకు దగ్గరిది ఇడుపులపాయ. ఇంటర్ గండం లేకుండా చేసిందదే. సీట్లే తక్కువ. మరో దారి పదో తరగతి తర్వాత రాసే పాలిటెక్నిక్ ప్రవేశ పరీక్ష, పాలిసెట్: డిప్లొమా చేసి, ఈసెట్ అనే మరో పరీక్ష రాసి బీటెక్ రెండో ఏడాదిలో చేరొచ్చు.

2020 జనవరి 9న చిత్తూరులో మొదలైన అమ్మ ఒడి, ఇంటర్ పిల్లల తల్లులకూ ఏడాదికి 15,000 రూపాయలు ఇస్తామంది, 75 శాతం హాజరు షరతుతో. అయితే ఎంతమంది పిల్లలున్నా ఒక్క బిడ్డ పేరు మీదే. 2025లో తల్లికి వందనం పేరుతో అది ప్రతి బిడ్డకూ వర్తించింది. మధ్యలో 2022లో హైస్కూల్ ప్లస్ పేరుతో కొన్ని హైస్కూళ్లలోనే ఇంటర్ పెట్టారు, ముఖ్యంగా ఆడపిల్లల కోసం. ఆలోచన మంచిదే. కానీ ఇంటర్ పాఠాలు హైస్కూల్ టీచర్లైన స్కూల్ అసిస్టెంట్లకు అప్పగించారు. దాంతో పిల్లలు చేరడానికి వెనకాడారు. 2025 జనవరిలో ప్రభుత్వ జూనియర్ కాలేజీల్లో మధ్యాహ్న భోజనం పెట్టడం మొదలైంది. పొద్దున్నే బస్సెక్కి వచ్చే పల్లె పిల్లలు మధ్యాహ్నం దాటాక కూడా క్లాసులో ఉండాలంటే ముందు కావాల్సింది అదే.