గణితంలో ఎమ్మెస్సీ, పీహెచ్‌డీ చేయదలచిన డిగ్రీ విద్యార్థులు: పేపర్ల ఎంపికపై అపోహలు, వాస్తవాలు

డిగ్రీ విద్యార్థులకు గణితం చెబుతున్నందువల్ల, పై చదువులకు వెళ్లదలచినవారు పేపర్లను ఎంచుకొనే తీరును ఏటా దగ్గరనుంచి చూస్తున్నాను. ఏ పేపరులో ఉపపత్తులు (నిరూపణలు) సొంతంగా రాయడం అలవడుతుందో విచారించవలసినవారు, ఏది తేలికో వాకబు చేస్తుంటారు.

అపోహ: మార్కుల శాతం పెంచే పేపర్లు తీసుకుంటే మంచి సంస్థలో సీటు వస్తుంది.

వాస్తవం: ఐఐటీల్లో ఎమ్మెస్సీ ప్రవేశానికి జరిపే జామ్ పరీక్షలో 60 ప్రశ్నలకు 100 మార్కులు. వాటిలో 20 ప్రశ్నలకు ఐచ్ఛికాలే ఉండవు, జవాబు సంఖ్యను మనమే రాబట్టాలి. మరో 10 ప్రశ్నలకు ఒకటికి మించి సరైన జవాబులు ఉండవచ్చు, అన్నీ గుర్తిస్తేనే మార్కులు. ముఖ్యమైన ప్రశ్నలు బట్టీపట్టి 90 తెచ్చుకున్న పేపరు అక్కడ అక్కరకు రాదు.

అపోహ: ఇంటర్‌లోనే కలనగణితం చదివాం కాబట్టి రియల్ అనాలిసిస్ దానికి పునశ్చరణ మాత్రమే.

వాస్తవం: ఇంటర్‌లో అవకలనం చేయడం నేర్చుకుంటాం, అనాలిసిస్‌లో అది ఎప్పుడు చెల్లుతుందో నిరూపిస్తాం. 0 నుంచి 1 వరకు ఉన్న సంఖ్యలకు వర్గం, ఘనం, నాలుగో ఘాతం అంటూ వరుసగా పోతే, ప్రతి ఘాత ప్రమేయమూ అవిచ్ఛిన్నమే అయినా, 1 కంటే చిన్నదైన ప్రతి సంఖ్య దగ్గరా అవధి 0 అవుతుంది, 1 దగ్గర మాత్రం 1గానే నిలుస్తుంది కనుక, చివరికి దక్కే ప్రమేయం అక్కడ తెగిపోతుంది. ఎందుకు తెగిందని అడగనివారికి ఏకరూప అభిసరణ (ప్రమేయాల వరుస అన్ని బిందువుల దగ్గరా ఒకేలా అవధిని సమీపించడం) నిర్వచనం మరో వ్యాసరూప ప్రశ్నగానే మిగులుతుంది. అడిగినవారికి ఎమ్మెస్సీలో టోపాలజీ, మెజర్ థియరీ పరాయిగా తోచవు. ఒక్క పేపరునే లోతుగా చదివే వీలుంటే దీనినే చదవమంటాను, అదీ పుస్తకం మూసి ప్రతి సిద్ధాంతాన్నీ తిరిగి నిరూపించుకుంటూ.

అపోహ: లీనియర్ ఆల్జీబ్రా అంటే మాత్రికల లెక్కలే.

వాస్తవం: మాత్రిక ఒక రాత మాత్రమే, అసలు విషయం రేఖీయ పరివర్తన, అంటే కూడికనూ స్థిరాంకంతో గుణకారాన్నీ చెదరనివ్వని ప్రమేయం. ఘాతం మూడుకు మించని బహుపదులపై అవకలనం అటువంటిదే. నాలుగుసార్లు ప్రయోగిస్తే ఏ బహుపది అయినా సున్నా అవుతుంది కాబట్టి దాని ఐగెన్ విలువ (సున్నా కాని ఒక బహుపదిని పరివర్తన ఎన్ని రెట్లు చేస్తుందో ఆ సంఖ్య) 0 ఒక్కటే అని నిర్ధారకం (డిటర్మినెంట్) విప్పకుండానే చెప్పవచ్చు.

అపోహ: స్టాటిస్టిక్స్ తీసుకుంటే గణితానికి దూరమవుతాం.

వాస్తవం: ప్రఖ్యాత గణాంక శాస్త్రవేత్త సి.ఆర్.రావు ఆంధ్ర విశ్వవిద్యాలయంలో గణితం చదివిన తరువాతే కలకత్తాలో స్టాటిస్టిక్స్ చదివారు. రెండింటికీ పడదనుకోవడానికి ఆధారం లేదు.

అపోహ: పెద్ద పేర్లున్న పేపర్లు ఎక్కువ చేస్తేనే విదేశాల్లో గుర్తింపు.

వాస్తవం: విదేశాల్లో పై చదువులకు రాసే జీఆర్ఈ గణిత సబ్జెక్ట్ పరీక్షలోనే సుమారు సగం కలనగణితం, పావు వంతు బీజగణితం. అంటే మౌలిక పేపర్లపై పట్టే ముఖ్యం.

అపోహ: మా కళాశాలలో ఆ పేపరు లేదు, కాబట్టి దారి లేదు.

వాస్తవం: ఐఐటీల వంటి సంస్థల అధ్యాపకులు చెప్పే ఎన్‌పీటెల్ ఆన్‌లైన్ పాఠాలు ఉచితంగా వినవచ్చు. విద్యార్థి చేతనే ఆలోచింపజేసే ఎంటీటీఎస్ (మ్యాథమెటిక్స్ ట్రైనింగ్ అండ్ టాలెంట్ సెర్చ్) వేసవి శిక్షణ 1993లో మొదలైంది. దానికి రెండో ఏడాదిలోనే దరఖాస్తు చేసుకుంటే, మూడో ఏడాది పేపర్లను ఎంచుకొనే నాటికి మీ అభిరుచి ఎటు మొగ్గుతుందో మీకే తెలిసి ఉంటుంది.