పశువుల నొప్పి సూది, రాబందుల చావు: ఆలస్యంగా వచ్చిన నిషేధాల చరిత్ర

1990లలో రాజస్థాన్‌లోని భరత్‌పూర్‌లో రాబందులు మెడలు వాల్చి, చెట్ల మీద నుంచి రాలిపడి చస్తుంటే మొదట వైరస్‌ను అనుమానించారు. 2004లో పాకిస్థాన్‌లో జరిగిన పరిశోధన అసలు కారణం పట్టుకుంది. అది పశువులకు జ్వరానికీ వాపుకూ వేసే డైక్లోఫెనాక్. సూది వేశాక రెండు మూడు రోజుల్లో చచ్చిన పశువు మాంసంలో మందు మిగిలి ఉంటుంది. అది తిన్న రాబందు మూత్రపిండాలు పాడై, యూరిక్ ఆమ్లం గుండె, కాలేయం మీద తెల్లటి పొరలా పేరుకుంటుంది. పక్షి కొద్ది రోజుల్లోనే చస్తుంది.

రాబందుల జాతి కుప్పకూలడానికి వందలో ఒక్క కళేబరంలో కూడా మందు ఉండనక్కర్లేదు. ఒకే పశువు మీద పదుల రాబందులు వాలతాయి, జంట ఏడాదికి పెట్టేది ఒక్క గుడ్డే. 1992-2007 మధ్య దేశంలో తెల్లవీపు రాబందులు 99.9 శాతం తగ్గిపోయాయి.

2006లో పశువైద్యంలో డైక్లోఫెనాక్‌ను ఆపేశారు. కానీ మనుషులకు అమ్మే 30 మి.లీ. సీసాలు కొట్లలో ఉండనే ఉన్నాయి. మి.లీ.కు 25 మి.గ్రా. ఉండే ఆ మందు 300 కిలోల ఆవుకు కిలోకు 1 మి.గ్రా. చొప్పున 12 మి.లీ. సరిపోతుంది, అంటే ఒకే సీసాలో రెండు పశువుల పని అయిపోతుంది. అందుకే 2015లో మనుషుల సూదిమందును 3 మి.లీ. ఆంప్యూల్‌కే పరిమితం చేశారు. ఇప్పుడు అదే మోతాదుకు నాలుగు ఆంప్యూళ్లు పగలగొట్టాలి.

ఆ ఖాళీలోకి వేరే మందులు వచ్చాయి. కీటోప్రొఫెన్ రాబందులను చంపుతుందని 2009లోనే తేలింది. ఎసిక్లోఫెనాక్ పశువు ఒంట్లో డైక్లోఫెనాక్‌గానే మారుతుందని 2016లో తేలింది. రెండింటినీ నిషేధించింది 2023లో. నిమెసులైడ్ వంతు 2024 చివర్లో వచ్చింది. రుజువు దొరికాక కూడా కీటోప్రొఫెన్ విషయంలో పద్నాలుగేళ్లు ఆగడం క్షమించరానిది. అమ్మకానికి అనుమతి ఇచ్చే ముందే రాబందులపై పరీక్ష తప్పనిసరి చేసి ఉంటే ఈ వరస ఉండేదే కాదు.

తెలంగాణకూ ఇది దూరపు సంగతి కాదు. బెజ్జూరు అడవుల్లోని పాలరాపు గుట్టపై 2013లో పొడుగుముక్కు రాబందుల గూళ్లు బయటపడ్డాయి. చుట్టుపక్కల ఊళ్లలో పశువులకు ఏ సూది పడుతోందన్నదే వాటికి ప్రాణగండం.

పరీక్షల్లో రాబందులకు హాని చేయదని తేలినవి మెలాక్సికామ్, టోల్ఫెనామిక్ ఆమ్లం. మెలాక్సికామ్ మోతాదు కిలోకు 0.5 మి.గ్రా. మి.లీ.కు 5 మి.గ్రా. ఉండే మందైతే 300 కిలోల ఆవుకు 30 మి.లీ. ఎక్కించాలి. అంత మందు దేనికని సగం వేస్తే నొప్పి తగ్గదు, రైతు మళ్లీ పాత మందే అడుగుతాడు.