ముందు అది మిమ్మల్ని వాసన చూడాలి

అనంతపురం

చిన్నీ, బుజ్జోడా,

సంక్రాంతి సెలవులకు వస్తే ఒంటె ఎక్కాల్సిందేనని ఇద్దరూ పట్టుబట్టారట, మీ అమ్మ చెప్పింది. ఎక్కడం ఎంతసేపు, డబ్బులిస్తే అయిపోతుంది. దాంతో స్నేహం చేయాలంటే మాత్రం కొంచెం తెలిసుండాలి. తెలియక నేను పడ్డ పాట్లు వినండి.

నేను పశువుల ఆసుపత్రిలో పనిచేసే రోజుల్లో రాజస్థాన్ నుంచి వచ్చిన ఒకాయన ఊరి బయట చింతచెట్టుకు ఒంటెను కట్టుకుని ఇరవై రోజులున్నాడు. ఎద్దుల్నీ ఎనుముల్నీ చూసిన చెయ్యి కదా నాది! మొదటి రోజే నేరుగా పోయి తల మీద చెయ్యి వేయబోయాను. దాని గొంతులో గుడగుడమంది, బుగ్గలు ఉబ్బాయి, నా తెల్లచొక్కా పచ్చచొక్కా అయింది. అది వట్టి ఉమ్మి కాదర్రా, సగం అరిగిన మేత. కడుపులోంచి తెచ్చి మరీ చిమ్ముతుంది. మీ జేజి ఆ చొక్కాను మూడుసార్లు ఉతికి, చివరికి మసిగుడ్డ చేసింది.

ఒంటెలు ఒకదాన్నొకటి పలకరించుకునేది ముక్కులతోనే. ముక్కు దగ్గర ముక్కు పెట్టి ఊపిరి వదులుతాయి. మర్నాడు తుమ్మకొమ్మ పట్టుకుని, దానికి కనబడేలా పక్కగా, కాస్త దూరంలో నిలబడ్డాను. చాలాసేపటికి మెడ చాచి నా మొహం మీద వెచ్చగా ఊదింది. కంపు భరించలేం, కదలకూడదు! తర్వాత కొమ్మ అందుకుంది. దాని పైపెదవి మధ్యకు చీలి ఉంటుంది. ఆ రెండు ముక్కలూ రెండు వేళ్లలా దేనికది కదులుతూ ముళ్ల మధ్య నుంచి ఆకుల్ని ఏరుకున్నాయి. ముల్లు గుచ్చుకున్నది నా బొటనవేలికే.

వారం తిరిగేసరికి నన్ను చూస్తే చాలు మెడ తిప్పేది. నా మీద ప్రేమో, నేను తెచ్చే వేరుశనగ కట్టె మీద ప్రేమో మరి. ముక్కుపుల్ల దగ్గర దానికి పుండుండేది. మందు రాస్తానంటే తలొంచి ఇచ్చేది. అందుకే చెబుతున్నా, ముకుతాడు లాగి ఆడకండి. ఆ తాడు కట్టేది ముక్కులో గుచ్చిన పుల్లకే.

మూపురంలో నీళ్లుంటాయన్నాడట బుజ్జోడు. అది కొవ్వురా నాయనా. మేత దొరకని రోజుల్లో అదే దానికి ఆధారం. బాగా దప్పికగొన్న ఒంటె పావుగంటలో 100 లీటర్ల దాకా తాగేయగలదు, మనింటి బిందెలతో ఆరేడు!

ఎక్కాక ఒక్కటి గుర్తుంచుకోండి. అది లేచేటప్పుడు వెనక కాళ్లు ముందు లేస్తాయి. వెనక్కి వాలి గట్టిగా పట్టుకోకపోతే దాని మెడ మీదుగా జారి కిందికొస్తారు. నడిచేటప్పుడు ఒక పక్క కాళ్లు రెండూ కలిపి వేస్తుంది కాబట్టి పడవలా ఊగుతుంది. చిన్నీ, టిఫిన్ తక్కువ తిను.

ఇంకోటి. మీరొచ్చేది చలికాలం, మగ ఒంటెలకు మదమెక్కే కాలం. నోటి పక్కనుంచి ఎర్రటి తిత్తి ఒకటి బెలూన్‌లా వేలాడేసి బుడబుడమంటుంటే దగ్గరికే పోవద్దు, నేను పక్కనున్నా సరే.

కొమ్మలు నేను కొట్టించి పెడతాను. మీరు తెల్లచొక్కాలు మాత్రం తేవద్దు.

మీ తాత