చూపు పోయిన కుక్క: అపోహలు, వాస్తవాలు

అపోహ: చూపు ఎటూ పోయింది, ఇక డాక్టరుకి చూపించి ఏం లాభం?

వాస్తవం: కుక్కల్ని అన్నిటికంటే ఎక్కువ బాధపెట్టేది ఈ మాటే. చూపు పోయినంత మాత్రాన కంటి నొప్పి పోదు. పీఆర్ఏ అనే వంశపారంపర్య జబ్బులో రెటీనా (కంటి వెనక ఉండే, చూపునిచ్చే పొర) మెల్లగా క్షీణిస్తుంది, నొప్పి ఉండదు, నిజమే. గ్లకోమా, అంటే కంట్లో ఒత్తిడి పెరిగే జబ్బు, అలా కాదు. కుక్క కంట్లో ఒత్తిడి మామూలుగా 10-25 మి.మీ. (పాదరసం కొలతలో) ఉంటుంది, గ్లకోమా ముదిరితే 40, 50 కూడా దాటుతుంది. చూపు పోయాక కూడా ఆ ఒత్తిడి దానంతటది దిగదు, పోటు ఆగదు. అయినా కుక్క అరవదు. ఆట మానేస్తుంది, మూల చూసుకుని పడుకుంటుంది, తల నిమరబోతే పక్కకి తిప్పుకుంటుంది. ఇంట్లోవాళ్లేమో "పాపం, కళ్లు పోయాయని బెంగ పెట్టుకుంది" అంటారు. బెంగ కాదండీ, తలపోటు.

తెల్లగుడ్డులో ఎర్ర నరాలు ఉబ్బాయా? నల్లగుడ్డు మీద నీలిపొర ఉందా? టార్చి వేసినా కంటిపాప చిన్నది కావట్లేదా? ఒక కన్ను రెండోదానికంటే పెద్దగా ఉందా? ఏ ఒక్కటి కనిపించినా ఆ రోజే టోనోమీటరుతో ఒత్తిడి కొలిపించండి. చూపు ఇంకా మిగిలిన కన్నయితే గంటల లెక్కే. మందులకి లొంగని, చూపు తిరిగిరాని కన్నయితే తీయించెయ్యడమే మేలు. వినగానే గుండె జారుతుంది, తెలుసు. కానీ కుట్లు 10-14 రోజుల్లో విప్పేస్తారు. అప్పటిదాకా కన్ను గీక్కోకుండా మెడకి వేసే గరాటు లాంటి కోన్ తియ్యకుండా ఉంచితే చాలు. వంశపారంపర్య గ్లకోమా అయితే రెండో కంటికీ ముందే చుక్కలు మొదలుపెట్టాలి. ఇంట్లో మిగిలిపోయిన చుక్కలు మాత్రం వద్దు: నల్లగుడ్డు మీద పుండున్నప్పుడు స్టెరాయిడ్ పడితే కన్ను చిల్లు పడొచ్చు.

అపోహ: ఉన్నట్టుండి చూపు పోయిందంటే ముసలితనమే.

వాస్తవం: ముసలితనం రాత్రికి రాత్రి రాదు. బీపీ పెరిగి రెటీనా ఊడినప్పుడు వెంటనే బీపీ దించితే కొంత చూపు తిరిగి రావచ్చు. బీపీ, షుగర్, కిడ్నీ పరీక్షలు అడిగి చేయించండి.

అపోహ: కళ్లు నీలంగా మసకబారితే గుడ్డిదైనట్టే.

వాస్తవం: ఏడెనిమిదేళ్లు దాటాక కంటిపాప వెనకున్న కటకం గట్టిపడి అలా కనిపిస్తుంది, చూపుకి పెద్ద లోటుండదు. శుక్లం వేరు, ఆ తేడా డాక్టరే తేల్చాలి. ముఖం ముందు చెయ్యి ఊపి పరీక్షించకండి. ఆ గాలికే రెప్ప వేస్తుంది. దూది ఉండని పైనుంచి వదలండి, చప్పుడూ గాలీ ఉండవు, చూపుంటే కళ్లతో దాన్ని వెంబడిస్తుంది. మొదటి రెండుసార్లే లెక్క, తర్వాత దానికి విసుగు. లైటు తగ్గించి ఇంకోసారి చూడండి, పీఆర్ఏలో ముందు పోయేది రాత్రి చూపే.

అపోహ: ఎత్తుకుని తిప్పితే దానికి సుఖం.

వాస్తవం: ఎత్తి ఇంకోచోట దింపితే తనెక్కడుందో తెలియక తికమకపడుతుంది. తప్పదంటే నీళ్ల గిన్నె దగ్గరే దించండి, గిన్నె చోటు మార్చకండి. మెట్లకి ఒక అడుగు ముందు, పైనా కిందా, గరుకు పట్టా వెయ్యండి. మోకాళ్ల మీద గదంతా ఒకసారి తిరగండి, దాని కంటి ఎత్తులో ఉన్న బల్ల మూలలన్నీ దొరుకుతాయి. వాటికి స్పాంజి చుట్టండి. ముట్టుకునే ముందు పేరు పెట్టి పిలవండి. నిద్రలో ఉలిక్కిపడి కరిచిందంటే అది పొగరు కాదు. గొలుసు మెడపట్టీకి కాకుండా హార్నెస్‌కి (ఛాతీకి కట్టే పట్టీకి) తగిలించండి: మెడ బిగిసినప్పుడల్లా కంట్లో ఒత్తిడి పెరుగుతుంది.